గాలికి ఎదురుగా వినిపించిన గొంతు

దెయ్యాల సంగతి నా దగ్గర ఎత్తకండి. గుడివాడలో చాలా ఏళ్ళుగా మైక్‌సెట్ వ్యాపారం నాది. పెళ్ళిళ్ళు, సువార్త సభలు, తిరునాళ్ళు, చావులు అన్నీ చూశాను. సమాధుల తోటలో యాంప్లిఫయర్ పక్కన పడుకుని గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి. ఖాళీ చర్చిలో ఎవరో గొణుగుతున్నారని, కల్యాణమండపంలో ఏడుపు వినిపిస్తోందని నన్ను హడావిడిగా పిలుచుకెళ్ళినవాళ్ళున్నారు. వెళ్ళి చూస్తే ఎక్కడో ఒక వైరు వదులై ఉండేది. వైరు బిగిస్తే దెయ్యం పోయేది.

ఇది జరిగింది దివిసీమలో. దివిసీమ అనగానే ఉప్పెనలో పోయినవాళ్ళ కేకల గురించి చెబుతాననుకుంటారేమో, అదీ కాదు. ఆ ఉప్పెన మా బంధువుల ఇళ్ళలో ఇంకా కన్నీళ్ళు పెట్టించే విషయం, నేను దాన్ని కథగా చెప్పుకోను. నేను చెప్పేది పట్టపగలు, ఎండలో, మా పెళ్ళిరోజున జరిగింది.

ముందు మా ఆవిడ గురించి చెప్పాలి. పేరు సునీత. హైస్కూల్లో తెలుగు టీచరు. భార్యని పొగిడితే లోకం నవ్వుతుందని తెలుసు, నవ్వనివ్వండి. నా జీవితమంతా గొంతులతోనే గడిచింది. పాటగాళ్ళ గొంతులు, పాస్టర్ల గొంతులు, ఎన్నికలప్పుడు నాయకుల గొంతులు నా స్పీకర్లలోంచే వెళ్ళాయి. చదివేటప్పుడు సునీత గొంతుకి సాటి వచ్చేది వాటిలో ఒక్కటి కూడా లేదు. పాఠం చదువుతుంటే వెనక బెంచీ పిల్లలు కూడా నోరు తెరుచుకుని వినేవారట. ఆమెకి మైకు అవసరం లేదు. నా వ్యాపారానికి నా ఇంట్లోనే గిరాకీ లేదని ఏడిపించేవాణ్ణి.

ఆమె కాపురానికి వస్తూ ఒక పుస్తకం తెచ్చుకుంది. పుస్తకమంటే అచ్చు నవల కాదు. మా అత్తగారు ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్‌ని వారం వారం చింపి దాచి, బందరులో బైండు చేయించారు. ఆ బైండరు మహానుభావుడు అంచులు సమంగా రావాలని పైభాగం బాగా కోసేశాడు. దాంతో సీరియల్ పేరు, రాసినవాళ్ళ పేరు, బొమ్మల్లో మనుషుల తలకాయలు కూడా ఎగిరిపోయాయి. దానికితోడు ఆఖరి వారం పత్రికే మా అత్తగారికి దొరకలేదు. కాబట్టి పేరూ లేదు, ముగింపూ లేదు. మా ఇంట్లో దాన్ని 'మెస్సు పుస్తకం' అంటాం.

కథ రాజ్యం అనే ఆవిడది. మొగుడు నాటకాల కంపెనీతో దేశాలు పట్టిపోతే, ఆవిడ ఒక చిన్న టౌనులో భోజనాల మెస్సు పెట్టి నిలదొక్కుకుంటుంది. ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు రాలేదు. ఎందుకంటే రాసినవాళ్ళెవరోగానీ, రాజ్యం మీద ఒక్క చోట కూడా జాలి పడలేదు. ఆవిడ పప్పు ఎలా ఎనుపుతుందో, ఏ కస్టమరుకి ఏ కూర పడదో, అందరూ తిన్నాక అడుగంటిన అన్నం ముందు ఒక్కతే ఎలా కూర్చుంటుందో చెబుతారంతే. జాలిపడే పని మనకి వదిలేశారు. చివరి భాగాల్లో పేరయ్య అని ఒక మతిమరుపు వంటవాడుంటాడు. సాంబారులో ఉప్పు వేశానో లేదో అని రుచి చూసి చూసి సగం సాంబారు తనే తాగేస్తాడు. ఆ వాక్యం దగ్గర సునీత ప్రతిసారీ నవ్వొచ్చి ఆగిపోతుంది. పెళ్ళయినప్పటినుంచీ ఆ వాక్యం ఆమె నోట పూర్తిగా నేను వినలేదు.

చివరికి ఆ మొగుడు తిరిగొచ్చి, మిట్టమధ్యాహ్నం మెస్సు గుమ్మంలో నిలబడతాడు. రాజ్యం చేతిలో విస్తరితో బయటికి వస్తుంది. అక్కడితో మా పుస్తకం అయిపోయింది. ప్రతి పెళ్ళిరోజుకీ చివరి భాగాలు సునీత నాకు చదివి వినిపించడం, తర్వాత ఏమై ఉంటుందని మేము వాదించుకోవడం మా ఇంటి ఆనవాయితీ. మొగుణ్ణి మళ్ళీ ఏలుకుంటుందని నేనంటాను. ఆమె నవ్వి ఊరుకునేది. తన మాట ఏనాడూ చెప్పలేదు.

పోయినేడు సునీతకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. గొంతు దెబ్బతినొచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. అలాగే జరిగింది. ఊపిరి తప్ప మాట రాలేదు. గొంతుకి వ్యాయామాలు చేస్తే కొంతవరకు తిరిగి రావచ్చన్నారు. కొన్నాళ్ళు చేసి మానేసింది. నడుముకి కట్టుకునే చిన్న స్పీకరు తెచ్చి ఇచ్చాను. అందులో ఆమె గుసగుస బుస్సుమని వినిపించింది. తీసి బీరువాలో పెట్టేసింది. పెళ్ళిరోజు వెళ్ళాక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తానని పలక మీద రాసి చూపించింది. అది ఉద్యోగం సంగతి మాత్రమే కాదని నాకు తెలుసు. బడి మానేస్తే ఈ మనిషి ఇంకెప్పుడూ నోరు విప్పదని భయమేసింది.

ఎక్కడికైనా తీసుకెళ్తే మనసు మారుతుందేమోనని పాలకాయతిప్ప వెళ్దామన్నాను. కృష్ణ సముద్రంలో కలిసే చోటు చూడాలని ఎప్పటినుంచో అడుగుతోంది. జనవరి నెల. కోతలు అయిపోయి చేలన్నీ మినుముతో పచ్చగా ఉన్నాయి. చల్లపల్లిలో టిఫిన్ చేసి, అవనిగడ్డలో లాడ్జి గది తీసుకుని, కోడూరు మీదుగా బీచికి చేరాం. మామూలు రోజు కావడంతో జనం లేరు. మా కారు కాక ఇంకొక్క ఆటో ఉంది. అటు నది, ఇటు సముద్రం, మధ్యలో అంత ఇసక. ఎంత గొప్పగా ఉందంటే, సునీత చెప్పులు విడిచి చేతబట్టుకుని చిన్నపిల్లలా నడిచింది. చాలా రోజులకి ఆ ముఖంలో వెలుగు చూశాను.

ఆనవాయితీ తప్పకూడదని మెస్సు పుస్తకం నేనే సంచిలో పెట్టుకొచ్చాను. ఈసారి నేను చదువుతానన్నాను. నా చదువు గురించి దాచేదేముంది, 'మైక్ టెస్టింగ్' తప్ప ఇంకేదీ నా నోట సరిగ్గా పలకదు. నత్తి కొడుతూ, వేలు పెట్టుకుని చదివాను. పేరయ్య సాంబారు తాగే వాక్యం ఆగకుండా చదివేశాను. సునీత మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఆమె పెదవులు కదలలేదు. ఇది గట్టిగా చెప్పగలను, ఏడుస్తుందేమోనని పేజీ పేజీకీ ఆమె ముఖమే చూస్తున్నాను. విస్తరి పట్టుకుని గుమ్మంలోకి వచ్చే దగ్గర పేజీలు అయిపోయాయి. పుస్తకం మూసి, ఇద్దరం చాలాసేపు అలాగే కూర్చున్నాం.

అప్పుడు ఒక ఖాళీ ప్లాస్టిక్ కవరు ఇసక మీద దొర్లుకుంటూ మా దగ్గరికొచ్చింది. కాలితో తొక్కి పట్టుకున్నాను. దాని వెనక ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. దూరంగా గొడుగు కింద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు. కవరు వాళ్ళ దగ్గర్నుంచి మా వైపుకి వచ్చిందంటే గాలి ఎటునుంచి ఎటు వీస్తోందో మీరే చూసుకోండి. అంత దూరంలో గాలికి ఎదురుగా నా గొంతు చేరాలంటే నాలుగు హారన్ స్పీకర్లు కట్టాలి. ఇది నా వృత్తి, ఇందులో నేను పొరబడను.

ఆవిడ కవరు తీసుకుని వెళ్ళలేదు. సునీత ముందు ఇసకలో గొంతుక్కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

"ఏమనుకోకండి మేడమ్. మీరు చదువుతుంటే మేమిద్దరం తినడం కూడా మర్చిపోయామండీ. ఎంత బాగా చదివారు!"

నాకు ఒళ్ళు మండింది. ఎగతాళి అనుకున్నాను. "చదివింది నేనమ్మా. ఆవిడకి గొంతు బాగాలేదు" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మగగొంతు మాకేం వినపళ్ళేదు అన్నయ్యగారూ. మేడమ్ గారిదే. కావాలంటే మా అత్తయ్యని అడగండి. ఆవిడకి పక్కన నిలబడి అరిచినా వినపడదు. అలాంటిది, ఎవరో చదువుతున్నారే అని ముందు చెప్పింది ఆవిడే."

ఈలోగా ఆ పెద్దావిడ కూడా గొడుగు ముడుచుకుని, దాన్నే కర్రలా ఊతం చేసుకుని మెల్లగా వచ్చింది. సునీత గడ్డం పుణికి, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టే గట్టిగా అంది. "ఆ వంటవాడు సాంబారు తాగే చోట నవ్వాపుకోలేకపోయావు కదమ్మా! నాకూ నవ్వొచ్చింది."

నేను అక్కడ నవ్వలేదు, ఆగలేదు.

"కానీ చివర్లో ఆవిడ అలా చేస్తుందని అనుకోలేదండీ" అంది కోడలు.

"ఎలా చేసింది?" అని నేనే అడిగాను.

"అదేంటండీ! మొగుణ్ణి గుమ్మంలో కూర్చోబెట్టి, కాసేపు ఆగండి, నేను తిని వస్తాను అంటుంది కదా. తెచ్చిన విస్తరి తనే వేసుకుని, అన్నీ వడ్డించుకుని, కడుపునిండా తింటుంది. ఆ తర్వాతే ఆయన్ని లోపలికి పిలుస్తుంది. మా అత్తయ్య చప్పట్లు కొట్టింది!"

కోడలి సైగలు చూసి పెద్దావిడ తల ఊపింది. ఆవిడకి చదువు రాదట, కోడలే చెప్పింది. ఆటోవాడు పిలుస్తున్నాడని ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళు చల్లపల్లి దగ్గరివాళ్ళు. పేర్లు కూడా అడగలేదు, అడిగే స్థితిలో లేను.

సునీత వైపు తిరిగాను. నా చెవి దగ్గరికి వంగి, ఊపిరితోనే చెప్పింది. "మీరు చదువుతుంటే మీతోపాటు నేనూ లోపల చదువుకుంటున్నానండీ. మీరు ఆపేశారు. నేను ఆపలేదు. ఆ ముగింపు నాది. పెళ్ళికి ముందునుంచీ మనసులో అనుకున్నది. మా అమ్మకి కూడా చెప్పలేదు."

తర్వాత నేను చేయాల్సిన తనిఖీలన్నీ చేశాను. బీచి మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచాను. ఎవరూ లేరు. ఫోన్‌లో కథ ఎవరైనా పెట్టుకున్నారేమో అనుకుంటే, అక్కడ సిగ్నలే సరిగా లేదు. అత్తాకోడళ్ళలో ఒకరు ఆ సీరియల్ పూర్వం విని ఉంటారా? ఉండొచ్చు. అసలు ముగింపు కూడా అదే కావచ్చు, చిన్నప్పుడు ఎవరో చెబితే సునీత విని మర్చిపోయి ఉండొచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ చెవిటి పెద్దావిడకి నవ్వు ఎలా వినిపించింది? మా పాస్టర్ గారు ఇది దేవుడి కృప అన్నారు. నా దగ్గర పనిచేసే ఎలక్ట్రీషియన్, ఎండదెబ్బ తగిలి ఉంటుంది గురూగారూ అన్నాడు. జనవరిలో ఎండదెబ్బేమిటని వాణ్ణి కసిరాను.

రాజీనామా మాట సునీత మళ్ళీ ఎత్తలేదు. ఇంటికి రాగానే గొంతు వ్యాయామాలు మొదలుపెట్టింది. వేసవి సెలవుల తర్వాత ఆ నడుం స్పీకరు కట్టుకుని బడికి వెళ్ళింది. ఇప్పుడున్నది పాత గొంతు కాదు. బొంగురుగా, అతుకులు పడుతూ వస్తుంది. అది ఇక ఇంతేనన్నారు. పిల్లలు ముందు నవ్వారట, తర్వాత అలవాటు పడ్డారట. ఆ గొంతుతోనే పద్యం చెబుతుంది. మా ఆవిడ ధైర్యానికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

జరిగింది ఏమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. దెయ్యాలని ఇప్పటికీ నమ్మను. అయితే ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఆదివారం మధ్యాహ్నాలు సునీత కుర్చీలో కూర్చుని మౌనంగా ఏదో చదువుకుంటూ ఉంటే, నేను టీవీ కట్టేసి, ఫ్యాను కూడా ఆపేసి, ఆమె పక్కన ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. దారినపోయేవాళ్ళకి దొరికిన ఆ పాత గొంతు, పక్కనే ఉన్న నాకు మాత్రం ఇంతవరకు ఒక్కసారీ వినిపించలేదు.