కరియకు వేయని దిష్టి ముద్ద

పోయిన వారం కర్నూలులో మా మనవరాలి ఇంట్లో వరసపెట్టి అందరికీ వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే, ఆ పిల్ల నీరసంతో తూలుతూనే కుక్కపిల్లను వేరే గదిలో ఉంచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే దానికి అన్నం పెట్టింది. మన కడుపునొప్పి కుక్కకూ అంటుతుందా అని ఆ పిల్ల మొగుడు నవ్వాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను, ఎందుకో నా ఈడువాళ్లకు చెప్పుకోవాలనిపించింది.

పంతొమ్మిది వందల యాభైలలో నేను రాజంపేట నుంచి ఆదోని వైపు ఒక సంత ఊరికి, శనక్కాయల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వెళ్లాను. అక్కడి మాటల్లో సగం కన్నడమే వినిపించేది, నేను నోరు విప్పితే ఇంటిల్లిపాదీ నా యాసకు నవ్వేవారు, నవ్వనిది గోదాము కాపలా కుక్క ఒక్కటే. నల్లగా ఉండేదని దాన్ని కన్నడంలో కరియ అని పిలిచేవారు. ఆ ఇంట్లో నాకున్న స్నేహం అదే. ఇక అత్తగారంటారా, కూరలో ఉప్పు తక్కువైందని ఆమె అంటే నన్ను పుట్టింటికి పంపే ఎత్తు వేస్తోందనుకునేదాన్ని, నేను పెరట్లో కాస్త ఎక్కువసేపు నిలబడితే ఏదో దాస్తున్నానని ఆమె తొంగిచూసేది.

ఆ ఎండాకాలం మా మరిది వాంతులు, భేదులతో మంచం పట్టాడు, వెనకే మా ఆయన. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రన్నం ముద్దను రోగి తల చుట్టూ తిప్పి కుక్కకు వేయడం ఆ ఇంటి ఆచారం, తిన్న కుక్క వెంట జబ్బు పోతుందని నమ్మకం. అది విన్నప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. మా ఆయన లేచి తిరగాలి, నిజమే, అందుకు కరియ చావాలా? పైగా అత్తగారు దాన్ని వాకిట్లోంచి తీసుకుపోయి గొడ్ల కొట్టంలో కట్టేసింది, నన్ను అటువైపు రానివ్వదు, ఎప్పుడూ దానికి వేసే ఎంగిలి మెతుకులు కూడా తనే ఎత్తుకుపోతోంది. దిష్టి ముద్దను కొంగుచాటున పెట్టుకుని పెరట్లోకి పోవడం చూసి, రోగమంతా దానికే మేపుతోందని తీర్మానించుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆగలేక ఆమె వెనకే వెళ్లాను. ఆమె కొట్టం దాటిపోయి పెంటదిబ్బ పక్కన గుంత తీసి, ముద్దనూ ఎంగిలినీ అందులో పడేసి, సున్నం చల్లి మన్ను కప్పుతోంది. కొట్టంలో కరియ ముందు కొత్త చట్టిలో అంబలి ఉంది. నన్ను చూడగానే ఆమె పార కింద పడేసి నా మణికట్టు పట్టుకుంది.

"ఏమ్మే, ఈడికెందుకొచ్చినావు? పిడికిట్లో ఏముండాది? దానికి ఎంగిలి మెతుకులు తెచ్చినావా?"

పిడికిలి విప్పి చూపించాను. అయినా నమ్మక రెండో చేయి కూడా విప్పించి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నాకూ రోషం వచ్చి, కుక్కకు వేయాల్సిన ముద్దను ఎందుకు పూడుస్తున్నారని అడిగేశాను. ఆమె నా చేయి వదిలి, కింద పడ్డ పార అందుకుంది.

"మీ మామకు చెప్పొద్దు. నా నడిపోనికి ఇట్లే అయినప్పుడు ముద్ద తీసి అప్పుడుండే కుక్కకేసినా. వాడూ పాయ, వాని వెనకాలే అదీ పాయ. కుక్కతో జబ్బు పోదు మ్మే, దానికీ అంటుకుంటాది."

మా ఆయనకూ మరిదికీ నడుమ ఇంకో బిడ్డ ఉండేవాడని అప్పటిదాకా నాకు తెలియదు. ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను కొట్టంలోకి వెళ్లేటప్పుడు నా చేతులు చూడడం మాత్రం మానలేదు, నేనూ అంబలి చట్టి వైపు ఓ కన్ను వేసే ఉంచాను. అన్నదమ్ములిద్దరూ కోలుకున్నారు, కరియ సుబ్బరంగా ఉంది. దిష్టి పనిచేసిందని మామగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంటే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా వడ్డించాం.

మా మనవరాలికి ఈ జాగ్రత్తలన్నీ ఫోనులో దొరికాయి. మంచిదే, బిడ్డను పోగొట్టుకుని నేర్చుకోవలసిన అవసరం ఏ తల్లికీ రాకూడదు. మా రోజుల్లో ఇలాంటి జాగ్రత్త వెనక ఎవరో ఒకరు పోయి ఉండేవారు, గట్టిగా అడిగితే తప్ప చెప్పేవారు కాదు. నేను కుక్క కోసం అంత గట్టిగా అడిగాను గాని, ఆ పిల్లవాడి పేరేమిటని అడగాలని తోచలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ ఇంటివాళ్లలో ఒక్కరూ మిగల్లేదు.