ఏ ఊరని అడగొద్దు

నాకు మనుషుల వివరాలు కావాలి. ఇది చిన్నప్పటి జబ్బు. బస్సులో పక్కసీట్లో ఎవరు కూర్చున్నా, వాళ్ళు దిగేలోపు ఏ ఊరు, ఎందుకు వచ్చారు, పొద్దున ఏం కూర వండుకున్నారు, అన్నీ రాబట్టేదాన్ని. మా అమ్మ తల కొట్టుకునేది. మాది నల్లగొండ జిల్లా పల్లె నుంచి ఎల్‌బీ నగర్ వచ్చి స్థిరపడిన కుటుంబం. మా ఇంట్లో ఏ ఊరని అడగడమంటే వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం లాంటిదే. అడగకపోతే నొచ్చుకుంటారు.

అలాంటి నన్ను పట్టుకెళ్ళి, ఎవరినీ ఏమీ అడగకూడని పనిలో కూర్చోబెట్టారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నేను ఎమ్మే సైకాలజీ చదువుతున్నాను. చదువుతున్నానని పేరుకే. క్లాసులు ఒకరోజు ఉంటే నాలుగు రోజులు ఉండేవి కావు, పరీక్షలు మాటిమాటికీ వాయిదా పడేవి. మాకు పాఠాలు చెప్పి రిటైరైన మేడం ఒకరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవారు. ఎప్పుడో పెళ్ళయి కోస్తా నుంచి వచ్చినావిడ. ఆవిడ తన ఇంటి ముందుగదిలో రెండు కంప్యూటర్లు పెట్టి, దిగులుగా ఉన్న యూనివర్సిటీ పిల్లలు ఎవరైనా మధ్యాహ్నం పూట చాట్‌లోకి వచ్చి మాట్లాడొచ్చని చైతన్యపురి హాస్టళ్ళ గోడల మీద కాగితాలు అంటింపించారు. పేరు చెప్పక్కర్లేదు, మొహం చూపించక్కర్లేదు. ఇప్పుడైతే ఇది వింతేమీ కాదు. అప్పుడు మా నాన్నకు అర్థమయ్యేలా చెప్పడానికే నాకు వారం పట్టింది. కనిపించని మనిషి, పేరు లేని మనిషి, నీతో బాధ చెప్పుకుంటాడా అని ఆయన అనుమానం. ఆ మాటకొస్తే నాకూ అదే అనుమానం, అందుకే చేరాను.

మేడం పెట్టిన నియమాల్లో పెద్దది ఒక్కటే. అవతలివాళ్ళను ఏ ఊరని అడగొద్దు. ఆ రోజుల్లో ఆ మాట అర్థమే మారిపోయింది. అడిగినవాడు ఆప్యాయంగా అడుగుతున్నాడో, మనవాడా కాదా అని తేల్చుకోవడానికి అడుగుతున్నాడో తెలిసేది కాదు. కోస్తావాళ్ళు ఆ ప్రశ్న వినగానే బిగుసుకుపోయేవారు. మావాళ్ళు జవాబు విన్నాక బిగుసుకుపోయేవారు. కాబట్టి అసలు అడగనే వద్దు, ఇక్కడికి వచ్చినవాడు కనీసం ఈ గదిలోనైనా ఏ ప్రాంతంవాడూ కాకుండా ఉండనీయండి అన్నారు మేడం. మాకు ఆ నియమం ఎంత గొప్పగా అనిపించిందంటే, వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుకుని మురిసిపోయేవాళ్ళం.

ఇంకో ఏర్పాటు కూడా చేశారు. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చోవాలి, ఒకరు అటువైపు వాళ్ళు, ఒకరు ఇటువైపు వాళ్ళు. ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు చదువుతూ ఉండాలి. ఎవరైనా పొరపాటున మాట తూలితే రెండోవాళ్ళు ఆపాలి. నా జోడీగా వచ్చిన అమ్మాయి వాళ్ళది తెనాలి దగ్గరి పల్లె. అంటే అమ్మానాన్నలది. తను పుట్టింది, పెరిగింది, చదివింది అంతా దిల్‌సుఖ్‌నగరే. ఊరికి ఎండాకాలం సెలవుల్లో వెళ్ళొచ్చేది, అంతే. అయినా బయట ఎవరైనా అడిగితే, "ఇక్కడేనండీ" అని గబగబా అనేసి మాట మార్చేది. నేను దాన్ని ఏడిపించేదాన్ని. అది నా వాగుడును వెక్కిరించేది. ఇద్దరికీ క్షణం పడేది కాదు, క్షణం విడిచి ఉండేవాళ్ళమూ కాదు.

వర్షాలు మొదలయ్యే వేళ ఒక అబ్బాయి చాట్‌లోకి రావడం మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం అన్నాడు. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసేవాడు, అందరూ అంతే. అతని బాధ వినడానికి చిన్నది. పరీక్షలు జరగాలని అతనికి ఉంది. పాత సబ్జెక్టులు మిగిలిపోయాయి, అవి గట్టెక్కితేగానీ ఉద్యోగం రాదు. గదిలో ఉన్న స్నేహితులంతా ర్యాలీలకు వెళ్తున్నారు. పరీక్ష వాయిదా పడినప్పుడల్లా వాళ్ళు చప్పట్లు కొడితే ఇతనికి ఏడుపు వస్తుంది. ఆ ఏడుపు వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేస్తుంది. పుస్తకం తెరిస్తే, ఊరంతా ఒకటైతే నీకు మార్కులు కావాల్సి వచ్చిందా అని నవ్వుతారట. నిద్ర లేదు, అన్నం సయించడం లేదు.

అతనితో మర్యాదగా మాట్లాడేవాళ్ళం. ఓపికగా వినేవాళ్ళం. అతను వెళ్ళిపోగానే మేమిద్దరం కొట్టుకునేవాళ్ళం. ఇతను ఎవరు? ఏ వైపు? పరీక్షలు కావాలంటున్నాడు, మీవాడే అనేదాన్ని నేను. పరీక్షలు కావాలన్నందుకు సిగ్గుపడుతున్నాడు, మీవాడే అనేది తను. ఒకరోజు పచ్చిపులుసు తినాలనుంది అన్నాడు, నేను ఎగిరి గంతేశాను. మర్నాడు గోంగూర అన్నాడు, తను కాలరెగరేసింది. ఓడినవాళ్ళు మిరపకాయ బజ్జీలు తినిపించాలని పందెం. అతని మాటలో ఏ యాసా దొరికేది కాదు. అప్పట్లో మేమంతా అంతే, మాటను ఇస్త్రీ చేసి మరీ బయటికి తెచ్చేవాళ్ళం. నా లోపల ఆ ఒక్క ప్రశ్న ఎగిరెగిరి పడేది. అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేదానికి నెలల తరబడి ఈ బాధేమిటని మేడం మీద ఒళ్ళు మండేది.

బంద్ రోజు మధ్యాహ్నం అది. రోడ్డు మీద చప్పుడు లేదు. అతను చాట్‌లోకి వచ్చి, పరీక్షలు మళ్ళీ వాయిదా పడ్డాయని, గదిలోవాళ్ళంతా ఊళ్ళకు పోయారని చెప్పాడు. ఆ తర్వాత, "నేను లేకపోయినా ఎవరికీ ఏమీ తెలియదు" అని రాశాడు.

మేడంను పిలిచాం. ఆవిడ చదివి, సూటిగా అడగమన్నారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఎలా అడుగుతాం మేడం అంటే, అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదమ్మా, అడగకపోతే వాడు దానితో ఒంటరిగా ఉండిపోతాడు అన్నారు. నేను టైపు చేశాను. తెర మీద ఏమీ రాలేదు. ఆ ఖాళీని చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో చెప్పలేను. చాలాసేపటికి "అవును" అని వచ్చింది.

మేడం నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. మనసు గింగిరాలు తిరిగేవాళ్ళను చుట్టుపక్కలకు తీసుకురావడానికి, ఇప్పుడు మీకు ఏం వినిపిస్తోందో చెప్పండి అని అడగాలి. అడిగాను. ఫ్యాన్ చప్పుడు అన్నాడు. కింద ఇంటివాళ్ళ కుక్కర్ అన్నాడు. తర్వాత, చిన్న విమానం మళ్ళీ మళ్ళీ ఇంటి మీదుగా తిరుగుతోంది అన్నాడు.

మా మేనత్త ఇల్లు సాగర్ రోడ్డు వైపు, నాదర్‌గుల్‌లో. విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు అక్కడే గుండ్రంగా తిరుగుతుంటారు. "నాదర్‌గుల్ మేడం, వీడు నాదర్‌గుల్‌లో ఉన్నడు" అని లేచి నిలబడ్డాను. నా జోడీ అప్పటికే స్కూటీ తాళాలు తీసుకుంది. పోయి వెతుకుదామని మా ఆరాటం. మేడం మాత్రం కూర్చోమన్నారు. ఎన్ని ఇళ్ళు తిరుగుతారు, దొంగచాటుగా కనిపెట్టడం ఎందుకు, అడగండి అన్నారు.

"నియమం?" అంది నా జోడీ.

"నియమం పెట్టింది నేనేగా. అడుగు."

"మీరు ఎక్కడున్నారు? మీది ఏ ఊరు?" అని టైపు చేశాను. ఎంతకాలంగానో అడగాలని తహతహలాడిన ప్రశ్న, తీరా అడిగితే అన్నీ తప్పులు పడ్డాయి.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "ఇన్ని రోజులకు అడిగిన్రా" అన్నాడు. ఆ తర్వాత వరసగా రాసుకుంటూ పోయాడు, ఇస్త్రీ మడతలన్నీ విప్పేసి. "ఈ పట్నంల అందరు ఎవరని చూడకముందే ఏ ఊరు అంటరు. మీరొక్కలే అడగలే. నేను ఎవరైతే మీకేంది, మీకు రోజొకడు ఒస్తడు అనుకున్న." దేవరకొండ అవతల పల్లె అన్నాడు. గది ఉన్న వీధి, ఇంటి గుర్తు కూడా చెప్పాడు.

మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అంత మురిపెంగా మోసిన మా మర్యాద ఆ పిల్లవాడికి మేం మూసేసిన తలుపులా కనబడింది. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

వస్తున్నామని అతనికి చెప్పి, మేడం చాట్‌లో కూర్చున్నారు. అతన్ని మాటల్లో ఉంచుతూనే తనకు తెలిసిన డాక్టరుకు ఫోన్ చేశారు. మేమిద్దరం స్కూటీ మీద బయలుదేరాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాళ్ళు అడ్డం పెట్టి కుర్రాళ్ళు కూర్చున్నారు. ఒకతను లేచి వచ్చి, ఎక్కడికెళ్ళి ఒస్తున్నరు, ఏ ఊరు మీది అన్నాడు. స్కూటీ నడుపుతున్న నా జోడీ వీపు గట్టిపడడం నా చేతులకు తెలిసింది. నేను మా ఊరు చెప్పలేదు. "చదువుకునే పిల్లగాడు ఒక్కడే గదిలో ఉన్నడు అన్నా, పానం బాగలేదు, జర తొవ్వ ఇయ్యిండ్రి" అన్నాను. అతను ఇంకేమీ అడగకుండా రాళ్ళు పక్కకు జరిపాడు. సాగర్ రోడ్డులోకి తిరిగాం.

అతను తలుపు తీశాడు. బక్కపలచటి మనిషి, గడ్డం పెరిగి ఉంది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీలో ఎవరు రాసేది అన్నాడు. ఇద్దరమూ అన్నాం. తను ఇన్నాళ్ళూ ఎవరో తలనెరిసిన సారు అనుకున్నాడట. అంటే మా గురించి అతనూ అవతల కూర్చుని ఊహలు అల్లుకుంటున్నాడన్న మాట. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది, అతనికీ వచ్చింది, నవ్వుతూనే గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. కింది ఇంటావిడ అన్నం కలుపుకొచ్చింది. పొద్దుగూకేలోపు డాక్టరు దగ్గరికి చేర్చాం.

కబురంది, అతని తల్లి మర్నాడు బస్సులు తిరగ్గానే వచ్చింది. కొడుకును దవాఖానలో ఉంచారు. ప్రమాదం లేదు, మందులు వాడాలి, కొన్నాళ్ళు ఒంటరిగా వదలొద్దు అని డాక్టరు చెప్పాడు. ఆమెకు సగం అర్థమైంది. వరండాలో మా పక్కన కూర్చుని ముందు నన్ను, ఏ ఊరు బిడ్డా అని అడిగింది. చెప్పాను. మా ఊరి పక్క ఊళ్ళో వాళ్ళ చుట్టాలు తేలారు, కాసేపు వాళ్ళ సంగతులు నడిచాయి. ఆ తర్వాత నా జోడీ వైపు తిరిగింది.

"నీది ఏ ఊరు బిడ్డా?"

ఇక్కడే అంటుందనుకున్నాను. తను "తెనాలి దగ్గరమ్మా" అంది.

ఆ తల్లి ఏమంటుందోనని నేను ఆమె మొహమే చూశాను. తెనాలి ఏ వైపో ఆమెకు తెలిసినట్టు లేదు. గుంటూరు అవతల అని నా జోడీయే చెప్పింది. ఆమె తన రెండు చేతులతో దాని చేయి పట్టుకుంది.

"గంత దూరంకెళ్ళి ఒచ్చినవా బిడ్డా, నా కొడుకు కోసం?"

నా జోడీ వాళ్ళ ఇల్లు ఆ దవాఖానకు రెండు బస్టాపుల దూరం. నేను చెప్పబోయాను. తను నా వైపు చూడలేదు.

"అవునమ్మా, వచ్చాను" అంది.