మా పెద్దమ్మ ఐదోసారి రాసిన ఇంగ్లీషు పరీక్ష

మా పెద్దమ్మ పోయింది. పోయిన శుక్రవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కిందట. మళ్లీ లేవలేదు. మా అమ్మ ఫోన్‌లో ఏడుస్తూ ఈ సంగతి చెప్పేటప్పుడు నేను తడ దగ్గర మా కంపెనీ బస్సులో ఉన్నాను. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పక్కింటికి కరివేపాకు కోసం వెళ్లినా వీధంతా చెప్పి వెళ్లే మనిషి, ఇంత దూరం పోతూ ఒక్కరికీ చెప్పకపోవడమేమిటి?

నా ఉద్యోగమంతా ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడమే. సరుకు ఎందుకు ఆలస్యమైందో, ఎప్పుడు చేరుతుందో ముక్కూమొహం తెలియనివాళ్లకు మర్యాదగా రాస్తుంటాను. ఇంగ్లీషు ఎవరు నేర్పారని ఆఫీసులో అడిగితే మా పెద్దమ్మ అంటాను. ఏ కాలేజీలో లెక్చరరని అడుగుతారు. పదో తరగతి ఇంగ్లీషు నాలుగుసార్లు తప్పిన మనిషని చెబితే నవ్వుతారు. మీరూ నవ్వుకోండి, పరవాలేదు. ఆమె కూడా నవ్వేది.

కొడవలూరుకు తూర్పున వరిమళ్లు అయిపోయి రొయ్యల గుంటలు మొదలయ్యేచోట మా ఊరు. మా పక్కిల్లే పెద్దమ్మది. అప్పట్లో ఊళ్లో అంగన్‌వాడీలో ఆమె ఆయా. పన్నెండేళ్లుగా పిల్లలకు పప్పన్నం వండి, గుడ్లు ఉడకబెట్టి, ముక్కులు తుడిచి, చాప మీద కూర్చుని తినిపించేది. పదో తరగతి ప్రైవేటుగా కట్టి మిగతా సబ్జెక్టులన్నీ ఎప్పుడో గట్టెక్కింది. ఇంగ్లీషు ఒక్కటే ఆమెను పట్టుకుని వదల్లేదు.

నేను పదో తరగతికి వచ్చిన ఏడాది, అంగన్‌వాడీ టీచరమ్మ ఎండాకాలం దాటగానే రిటైరవుతుందని తెలిసింది. పరీక్ష పాసైతే ఆ ఉద్యోగం పెద్దమ్మకే ఇస్తామని తనిఖీకి వచ్చిన మేడమ్ చెప్పింది. మరుసటి ఏటికి వయసు దాటిపోతుందట. అంటే ఇదే ఆఖరి తడవ. తప్పిందా, ఎవరో కొత్త పిల్ల టీచరుగా వస్తుంది, పెద్దమ్మ బతికినన్నాళ్లూ ఆ పిల్లకు టీ కాచి ఇవ్వాలి.

సరిగ్గా ఆ ఏడాదే నేను అర్ధసంవత్సరం పరీక్షలో ఇంగ్లీషు తప్పాను. మా నాన్న ట్యూషన్ కోసం నెల్లూరు బయల్దేరబోతుంటే పెద్దమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"ఆ పరీక్ష సంగతి నాకంటే ఎవురికి తెలుసు అబ్బయా? నాలుగుసార్లు రాసినాను. మీ ట్యూషన్ అయ్యోర్లు ఒక్కసారే గదా రాసుండేది?"

మా నాన్న చెప్పులు విడిచేశాడు. ఆ సాయంత్రం నుంచి పెద్దమ్మ వసారాలో నాకు చదువు మొదలైంది.

అట్లాంటి చదువు మీరెక్కడా చూసి ఉండరు. పేరా ఇచ్చి ప్రశ్నలడిగే భాగంలో ఆమె ముందుగా పేరా చదవనిచ్చేది కాదు. ఏ కూర వండాలో తేల్చుకోకుండా చేపల దగ్గరికి పోతావా అని గదిమేది. ముందు ప్రశ్న చూడాలి. ఎవరు అని అడిగితే పెద్ద అక్షరంతో మొదలయ్యే మాటల కోసం వెతకాలి. దొరికిన రెండింటిలో ఒకటి మనిషైతే ఇంకోటి ఊరు; అది తేల్చుకునే తెలివి మనకుండాలి. ఎందుకు అని అడిగితే 'బికాజ్' ఎక్కడుందో పట్టుకుని, అక్కణ్ణుంచి చుక్క వచ్చేదాకా దించేయాలి. బొమ్మల పట్టిక వస్తే కళ్లకద్దుకోవాలి, అది అప్పనంగా వచ్చే మార్కు. అన్నిటికంటే ముఖ్యం, ఏదీ ఖాళీ వదలకూడదు. "దిద్దే ఆయన గూడా మనిషే మే. ఖాళీ కాయితం జూస్తే ఆయనకి మాత్రం మార్కెయ్యాలని యాడ పుడతాది?" అనేది. మా వైపు ఆడపిల్లల్ని 'మే' అనే పిలుస్తారు.

రెండు నెలల్లో నాకు మార్కులు పెరిగాయి. మా స్కూల్లో సారు ఏ ట్యూషన్‌కు వెళుతున్నావని అడిగాడు కూడా. ఇంత తెలిసిన మనిషి నాలుగుసార్లు ఎట్లా తప్పిందనే అనుమానం మాత్రం నన్ను తొలిచేది. అడిగితే వీపు మోగుతుందని అడగలేదు.

సంగతి ఫిబ్రవరిలో బయటపడింది. ఆ రోజు ఇద్దరం పరీక్షలో అడిగే 'స్నేహితురాలికి ఉత్తరం' రాశాం. ఒకరిది ఒకరం దిద్దుకుందామని కాగితాలు మార్చుకున్నాం. పెద్దమ్మ ఉత్తరం ముచ్చటగా ఉంది, కుశలం అడగడం, వానలు, పిల్లలు అన్నీ ఉన్నాయి. పైన మాత్రం ఇంటిపేరుతో సహా తన పేరు, ఊరు, రేషన్ షాపు ఎదురుగా అనే గుర్తు, దాని కింద హాల్ టికెట్ నంబరు, ఆ కింద ఫోన్ నంబరు ఉన్నాయి. చివర, ఇటువైపు వస్తే మా ఇంటికి తప్పకుండా రావాలని, మామిడికాయ వేసి చేపల పులుసు చేసిపెడతానని రాసింది.

ఫోన్ నంబరు ఎందుకని అడిగాను. దిద్దే ఆయనకు ఎక్కడైనా అర్థం కాకపోతే ఫోన్ చేసి కనుక్కుంటాడు గదా అంది.

నాకు నవ్వాగలేదు. పడీపడీ నవ్వి, మా సారు తరగతిలో పదిసార్లు చెప్పిన మాట చెప్పాను. జవాబు కాగితంలో పేరు, ఊరు, నంబరు కనిపించకూడదు, పేరు రాయాల్సినచోట అడ్డగీతలు కొట్టాలి, గుర్తుపట్టేలా రాస్తే ఆ పేపరు పక్కన పెట్టేస్తారు. ప్రైవేటుగా కట్టిన మనిషికి ఇది చెప్పే సారు ఎవరున్నారు? పైగా పులుసుకు పిలిస్తే లంచమనుకుంటారని కూడా అన్నాను.

పెద్దమ్మ నవ్వలేదు. కాగితం నా చేతిలోంచి తీసుకుని, పైన రాసుకున్న తన పేరు మీద వేలు పెట్టింది.

"పేరు లేకుండా రాస్తే అది ఆకాశరామన్న ఉత్తరం మే. మన ఇంట్లో ఎవురూ అట్లాంటి పని చెయ్యలేదు."

నాలుగుసార్లూ ఆమె అందుకే తప్పిందో, ఇంకేం పొరపాట్లు చేసిందో నాకు తెలియదు. కానీ అప్పుడే ఒక విషయం గుర్తొచ్చి నా నవ్వు చచ్చిపోయింది. పరీక్ష రాసిన ప్రతి ఎండాకాలం ఆమె ఫోన్‌ను కొంగున కట్టుకుని తిరిగేది. తెలియని నంబరు నుంచి ఎవరు చేసినా, లోను ఇస్తామనేవాళ్లు చేసినా సరే, చేతులు తుడుచుకుని నిలబడి మాట్లాడేది. మేమంతా వెక్కిరించేవాళ్లం. ఆమె ఎదురుచూసింది పేపరు దిద్దే ఆయన కోసమని ఆ సాయంత్రం తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

తరువాత నెలంతా నేను ఆమెకు టీచర్‌నయ్యాను. ఉత్తరం బాగానే రాసేది. అడ్డగీతల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. కన్నవాళ్లు పెట్టిన పేరును కొట్టేసుకోవడమా అని సణుగుతూ, ఎవరో మెడ మీద కత్తి పెట్టినట్టు రెండు గీతలు గీసేది.

పరీక్ష కొడవలూరులో. ఇద్దరికీ ఒకటే స్కూలు, గదులు వేరు. బయటికొచ్చాక బస్టాపులో చెరుకురసం ఇప్పించింది. ఉత్తరంలో పేరు రాశావా అని భయపడుతూ అడిగాను.

"రాయలా. ఊరు గూడా రాయలా. నంబరు గూడా రాయలా" అని, గ్లాసులోకి చూస్తూ, "పులుసుకి మాత్రం పిలిచినాను. అంత దూరం నించి పలకరించి, తినిపొమ్మని అనకపోతే ఎట్లా మే?" అంది.

నేను చెరుకురసం సగంలోనే వదిలేశాను. ఆ ఎండాకాలమంతా పెద్దమ్మ హాయిగా ఆవకాయ పెట్టుకుంది, నేను బెంగతో చిక్కిపోయాను. ఫలితాలు వచ్చిన రోజు నేను ఫోన్ పట్టుకోగానే పక్కకొచ్చి కూర్చుని, ముందు నాది చూడు మే అంది. సిగ్గు కూడా పడలేదు. ముప్పై ఐదు వస్తే చాలు, ముప్పై ఆరు వచ్చాయి. ఆ ఒక్క మార్కు పులుసుకే వేసుంటాడని ఆమె వాదన. ఆయన ఎవరో గానీ చల్లగా ఉండాలి. నాకు ఎన్ని వచ్చాయో ఆమె మరునాడు అడిగింది.

ఆమె నాకు నేర్పినదంతా ఇవాళ్టికీ పనికొస్తోంది. ముందు ప్రశ్న చూస్తాను. ఖాళీ వదలను. చదివే మనిషి కూడా మనిషేనని అనుకుని రాస్తాను. ఈ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే, తెలుసులే అన్నం తిను అనేది. అయినా చెప్పాల్సింది. చెప్పనందుకు బాధగా ఉంది.

టీచరుగా వేసిన ఆర్డరు చేతికొచ్చాక మొదటి రోజు ఆమెతో పాటు నేనూ అంగన్‌వాడీకి వెళ్లాను. కొత్త ఆయా ఇంకా రాలేదు. పెద్దమ్మే తలుపులు తీసి, ఊడ్చి, పప్పు కుక్కర్ పొయ్యి మీద పెట్టింది. తరువాత టీచరమ్మ వదిలివెళ్లిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వెళ్లి, దాన్ని కొంగుతో తుడిచి, అటూ ఇటూ చూసి కూర్చుంది. కాళ్లు నేలకు సరిగా ఆనలేదు. చాప మీది పిల్లలు ఈమె అక్కడెందుకుందో అర్థంకాక లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒక చిన్న పిల్ల కొంగు పట్టుకుని కిందికి లాగింది.

"ఉండండమ్మా, ఒక్క నిమిషం కూర్చోనీండి" అంది పెద్దమ్మ.

లోపల కుక్కర్ మూడో విజిల్ వేసింది. నాలుగోది కూడా వేసింది. మా పెద్దమ్మ రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టుకుని, లేవకుండా అట్లాగే కూర్చుంది.