మూత తీయకుండా చూసిన డబ్బా

జహీరాబాద్ చుట్టుపక్కల మా భూములన్నీ చేజారాక, హైదరాబాదులో యురేనియం ఇంధనం తయారుచేసే ఒక కర్మాగారంలో చేరాను. అప్పటికి ఎనభైలు మొదలయ్యాయి. మా వంశంలో జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. తల వంచుకొని మాత్రం తీసుకోలేదు.

యురేనియంలో రెండు రకాలు కలిసి ఉంటాయి. వాటిలో తేలిక రకమే విలువైనది. సీలు వేసిన ఉక్కు డబ్బాలోని పొడిలో దాని పాలు ఎంతో, మూత తీయకుండా చెప్పడం నా పని. ఆ రకం తనదైన ఒక గామా కిరణాన్ని విడుస్తుంది. సీసపు దిమ్మెలోని రంధ్రం గుండా వచ్చే ఆ కిరణాలను డిటెక్టరు పట్టుకుంటే, తెర మీద చుక్క చుక్కగా ఒక శిఖరం లేస్తుంది. లోతున పుట్టిన కిరణాలు ఆ బరువైన పొడిలోనే ఆగిపోతాయి. ముందున్న పలుచని పొర నుంచి వచ్చినవే బయటపడతాయి. కాబట్టి డబ్బాలో ఎంత ఉన్నదన్నది ఆ శిఖరానికి పట్టదు. ఉన్నది ఎలాంటిదో, అదే చెబుతుంది. ఈ సంగతి బోధపడిన రోజు ఆ అబ్బురంలో నాకు అన్నం కూడా గుర్తురాలేదు.

పొడి నింపే చోట, మా జహీరాబాద్ పక్కనున్న మొగుడంపల్లి మనిషి ఒకతను ఉండేవాడు. అతని తండ్రి ఒకప్పుడు మా అల్లం చేను కౌలుకు చేసినవాడు. డిటెక్టరు ఎత్తు సరిచూడడానికి నేను నేల మీద మోకాళ్లూనితే నవ్వేవాడు.

"మీ తాత సూస్తే ఏమంటుండె దొరా? డబ్బకు దండం వెడ్తున్రు."

"దండమే పెడుతున్న. నీకేంది?"

ఒకరోజు అతను నింపిన డబ్బాలో తేలిక రకం పాలు ఉండవలసినదానికన్నా తక్కువ చూపింది. మంచి పొడి తీసి నాసిరకం కలిపాడని పై అధికారికి అనుమానం. సాయంత్రంలోగా తేలకపోతే పోలీసులకు అప్పగిస్తానన్నాడు.

అతను నా దగ్గరికి వచ్చాడు. "నేను గట్ల చేసేటోన్నా దొరా? ఊర్ల మొకం ఎట్ల సూపియ్యాలె?"

"జర ఆగు. నువ్వు అబద్ధమాడవు, ఆ కిరణం కూడ అబద్ధమాడదు. నడుమ ఏమున్నదో చూస్త."

నడుమ ఉన్నది డబ్బా గోడ ఒక్కటే. ఆ నెల డబ్బాలు వేరే కార్ఖానా నుంచి వచ్చాయి. వాటిలో మొదట నింపింది ఇదే. రంగు, ఎత్తు, మూత అన్నీ పాతవాటిలాగే ఉండడంతో, అందరమూ పాత గోడ మందాన్నే లెక్కలో వేస్తున్నాం. గోడకు గ్లిజరిన్ పూసి, శబ్దతరంగాలతో మందం కొలిచే పరికరం ఆనించాను. గోడ ఎక్కువ మందంగా ఉంది. ఆ కాస్త ఉక్కే కిరణాలను మింగుతోంది.

అధికారిని పిలిచి, ఆయన ఎదుటే మళ్లీ లెక్క మొదలుపెట్టాను. మొగుడంపల్లి మనిషి నా వెనక నిలబడ్డాడు. శిఖరం మెల్లగా లేచింది.

"గిదేనా దొరా, నా గవాయి?"

"గదే. నీ సాక్షి గదే."

కొత్త మందంతో సరిదిద్దితే రావలసిన విలువే వచ్చింది. అధికారి అతనివైపు చూసి, "పనిలోకి పో," అని వెళ్లిపోయాడు. అతను కదలలేదు, తెర మీది శిఖరాన్నే చూస్తున్నాడు.

"గింత ఉక్కు అడ్డమున్నా చెప్పిందా దొరా?" అన్నాడు గొంతు తగ్గించి.

నేనూ ఆ శిఖరాన్నే చూస్తున్నాను.