అమ్మ పూర్వపక్షం

మొన్న రుషికొండలో ఒక ఐటీ సంస్థ ఉద్యోగుల వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా వెళ్లాను. లిఫ్టులో పక్కనున్న అమ్మాయి రుమాలు తీసి ముక్కుకు అద్దుకుంది. నీలగిరి తైలం వాసన. పై అంతస్తు చేరేలోపు నేను ఇరవై ఏళ్లు వెనక్కి దిగిపోయాను. అది మా సుభద్ర మేడమ్ క్లాసు వాసన. రేవు దుమ్ము పడక ఆమెకు ఏడాది పొడుగునా జలుబే. రుమాలుకు ఆ తైలం రాసుకుని, మేం ఆరుగురమే ఉన్న బీఏ ఫిలాసఫీ క్లాసుకు మెటాఫిజిక్స్ చెప్పేవారు. ఉండటమంటే ఏమిటి, ఒకటి మరొకదానికి కారణం కావడమంటే ఏమిటి, ఇలాంటివి ఆ పేపరు ప్రశ్నలు.

నిజం చెప్పాలంటే నేను ఆ కోర్సులో చేరింది కొట్లాడటానికి. ఇంటర్ నుంచే హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ని. మెటాఫిజిక్స్ నాకు ఆయుధాలు ఇస్తుందనుకున్నాను. మేడమ్ మొదటి రోజే ఒక నియమం పెట్టారు. ఎవరి వాదాన్ని ఖండించాలన్నా ముందు దాన్ని వాళ్ల తరఫున చెప్పాలి. మన పాత తార్కికులు దాన్నే పూర్వపక్షం అన్నారు. "నువ్వు చెప్పింది విని అవతలివాడు, ఔను, నేననేది ఇదే, అనాలి. అంతవరకూ నీ ఖండనకు మార్కుల్లేవు" అన్నారు. నాకది పిరికివాళ్ల మర్యాదగా తోచింది.

అప్పటికి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మాది పద్మనాభం దగ్గర పల్లె. నాన్న రేవులో ఖలాసీ పనికి కుదిరాక గోపాలపట్నం వచ్చేశాం. నేను ఇంటర్ పాసైతే సింహాచలం అప్పన్నకు నా తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ మొక్కుకుంది. పాసయ్యాను. గుండు చేయించుకోనన్నాను. నా మార్కులకూ అప్పన్నకూ ఏమిటి సంబంధమని నట్టింట్లో సభ పెట్టాను. తొమ్మిది రోజులకు, సరుకు దించుతుండగా తాడు తెగి, ఇనుప కడ్డీల కట్ట నాన్న కాలి మీద పడింది. ప్రాణం దక్కింది గానీ ఆ మోకాలు మళ్లీ వంగలేదు. ఆసుపత్రి వరండాలో మేనత్త అందరూ వినేలా అంది: "మొక్కు ఎగ్గొడితే అప్పన్న ఊరుకుంతాడేటి?" అమ్మ ఏమీ అనలేదు. ఆ తర్వాత నాతో సరిగ్గా మాట్లాడనూ లేదు. ఆ మౌనాన్ని నేను నేరారోపణగా చదువుకున్నాను. రెండేళ్లు దాన్ని ఖండిస్తూనే ఉన్నాను. అన్నం కంచం ముందు ఖండించాను, మైకు ముందు ఖండించాను, సిటీ బస్సులో కమ్మీ పట్టుకుని నాలో నేనే ఖండించాను.

కారణం గురించిన పాఠం వచ్చినప్పుడు, ఒక్కొక్కరూ ఒక తప్పుడు కారణాన్ని తెచ్చి ఖండించమన్నారు మేడమ్. నేను లేచి ఎవరో ఊరూపేరూ లేని కుటుంబం కథగా మా కథే చెప్పాను. మొక్కు తీర్చలేదు, తొమ్మిది రోజులకు ప్రమాదం జరిగింది, ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది కారణమైపోతుందా అని బల్ల గుద్దాను. తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. క్లాసయ్యాక మేడమ్ నన్ను ఆగమన్నారు.

"తొమ్మిది రోజులని అంత కచ్చితంగా ఎలా తెలుసయ్యా నీకు?"

"విన్నానండి."

"సంబంధం లేదనుకునేవాడు రోజులు లెక్కపెట్టుకోడే. ఎవరింట్లో జరిగింది?"

చెప్పాను. అత్త అన్నది ఒకవేళ నిజమేమోనన్న భయం రెండేళ్లుగా నన్ను తింటోందని, అంతవరకూ నాకు నేను కూడా ఒప్పుకోని మాట, ఆమె ముందు ఒప్పుకున్నాను. ఆమె నవ్వలేదు, ఓదార్చనూ లేదు.

"మీ అమ్మగారి పూర్వపక్షం ఆవిడకి చెప్పి చూశావా?"

"ఆమె ఏమనుకుంటోందో నాకు తెలుసండి."

"తెలిస్తే చెప్పడానికేం? వెళ్లి చెప్పు. ఆవిడ ఔనంటే అప్పుడు రా. ఇద్దరం కలిసి ఖండిద్దాం."

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో చేపలు తోముతోంది. పక్కన పీట వేసుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "నాను గుండు సేయించుకోలేదు. అప్పన్నకి కోపమొచ్చింది. అందుకే నాన్న కాలు అలాగైపోనాది. నువ్వనుకున్నాది ఇదే కదమ్మా?"

అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఎవులన్నారు?"

"అత్త."

"మీ అత్తన్నాది. నానన్నానేటి?"

"మరి నాతో మాటాడ్డం మానేసినావు కదా."

"నువ్వు మాటాడనిస్తే కదా. సెప్పులిప్పకముందే ఉపన్యాసం ఎత్తుకుంతావు. మద్దెన నానేటి మాటాడతాను?"

తర్వాత గొంతు తగ్గించింది. నేను కాదన్న మూడో రోజునే ఎవరికీ చెప్పకుండా కొండకు వెళ్లి, నా గుండుకు బదులు తన జుట్టే మూడు కత్తెర్లు ఇచ్చి వచ్చిందట. "మొక్కింది నాను. తీర్సీసినాను. తీర్సినాక కూడా మీ నాన్నకి ఇలాగెందుకయ్యిందో నాకు తెల్దు. ఎవులికి సెప్పుకోను? మీ అత్తకి సెప్తే సరిగ్గా తీర్సలేదంతాది. నీకు సెప్తే సభలో సెప్పీసి సప్పట్లు కొట్టించుకుంతావు."

ఒకే ప్రశ్నతో ఒకే ఇంట్లో ఇద్దరం విడివిడిగా నలిగామన్నమాట. మొక్కు తీర్చాకే ప్రమాదం జరిగిందంటే, నా వాదానికి అంతకన్నా పదునైన ఆధారం ఏ పుస్తకంలోనూ దొరకదు. దాన్ని వాడబుద్ధి కాలేదు. ఒళ్లంతా తేలికై, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "తాడు పాతదైపోనాదని మీ నాన్న ముందే సెప్పినాడట. ఎవులూ మార్సలేదు" అంది అమ్మ, మళ్లీ చేప అందుకుంటూ. ఆమె ఇంకా చాలాసేపు మాట్లాడింది. నేను మధ్యలో నోరెత్తలేదు.

మర్నాడు మేడమ్ అడిగారు. "ఔనన్నారా?"

"కాదందండి. తనెప్పుడూ అలా అనుకోలేదట."

"మరి రెండేళ్లూ ఎవరితో వాదించావయ్యా?"

మేడమ్ పోయి కొన్నేళ్లయింది. నేను హేతువాదిగానే ఉన్నాను. మొక్కులు కాళ్లు విరగ్గొట్టవనీ, పాత తాళ్లు విరగ్గొడతాయనీ, ఆ తాళ్లు మార్చనివాళ్లను వదిలేసి అప్పన్న మీదికి నెట్టడం మోసమనీ ఇవాళా రాస్తాను. అయితే ఎవరి నమ్మకం మీద రాసినా, అచ్చుకు పంపేముందు వాళ్ల తరఫు మాటలుగా నేను రాసినది వాళ్లకే చదివి వినిపిస్తాను. "కాదు బాబూ, నేననేది అది కాదు" అనే జవాబే ఎక్కువసార్లు వస్తుంది. రాసినదంతా కొట్టేసి మళ్లీ మొదటినుంచి కూర్చోవాలి. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఊపిరి తేలికవుతుంది.