ఆ కార్బైన్లు చెడ్డవి కావు

మా ఆర్మరర్ అంకుల్ పోయారు. మంగళవారం పొద్దున సింగపూర్ సెరంగూన్‌లో వాళ్ళ ఫ్లాట్‌లో కోపీ, అంటే ఇక్కడి కాఫీ, కలుపుకుంటూ కూలబడిపోయారట. నేను పాయా లేబర్ స్టేషన్‌లో ట్రైన్ మారుతుండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, డాడీ ఈజ్ గాన్" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. నా ముందున్న ట్రైన్ తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది. తర్వాతదీ వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళ బ్లాక్ కింద ఖాళీ జాగాలో కుర్చీలు వేశారు. వచ్చినవాళ్ళలో సీరియల్ యూనిట్ మనిషి ఒకడు డబ్బా జ్యూస్ తాగుతూ అన్నాడు, "పాపం, ఆ డూప్లికేట్ గన్‌లే ముసలాయన పేరు చెడగొట్టాయి" అని. పక్కనున్నవాళ్ళు తలలూపారు. ఆయన్ని అక్కడ పడుకోబెట్టుకుని గొడవ పెట్టుకోవడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. అందుకే ఇది రాస్తున్నాను. ఆ గన్‌లు చెడ్డవి కావు. ఆయన పేరు చెడిందీ లేదు. తెలియకపోతే తెలియనట్టు ఉండాలి గాని, చావింట్లో కూర్చుని తీర్పులు చెప్పకూడదు.

ఆర్మరర్ అంటే సినిమాలకీ సీరియళ్ళకీ వాడే తుపాకుల్ని భద్రంగా దాచి, బాగుచేసి, నటుల చేతికిచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకుని తాళం వేసే మనిషి. సింగపూర్‌లో తుపాకీ అంటే ఆషామాషీ కాదు. దానికి లైసెన్సు కావాలి, ఇనుప గది కావాలి, పేల్చి చూడాలంటే పక్కన పోలీసు అధికారి ఉండాలి. ఆ ఇనుప గది తాళంచెవి అంకుల్ నడుముకి ఉండేది. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో తుపాకులు బాగుచేశారు, రిటైరయ్యాక సీరియళ్ళకి చేశారు. పుట్టింది ఇక్కడే. తాత శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటలకు వచ్చాడట. ఆ తాత తెలుగులో తమిళం కలిసి, అందులో మలయ్ కలిసి, ఆయన మాట ఒక రకంగా ఉండేది. నన్ను "తంబీ" అనేవారు. నాది గాజువాక, ఆయన దగ్గర హెల్పర్‌గా చేరాను. లేత్ మిషన్ నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి, చెడగొట్టి, తిట్లు తిని నేర్చుకున్నాను. డిప్లొమా లేదు. ఈ మాట నన్ను అడిగిన ప్రతివాడికీ ఇలాగే మొహం మీద చెప్తాను.

యుద్ధం అయ్యాక అడవుల్లో జరిగిన కథ ఒకటి సీరియల్‌గా తీస్తున్నారని, దానికి కార్బైన్లు కావాలని అరడజను తెప్పించారు. కార్బైన్ అంటే పొట్టి రైఫిల్. రెండో ప్రపంచ యుద్ధంలో లారీలు తోలేవాళ్ళకీ రేడియోలు మోసేవాళ్ళకీ పెద్ద రైఫిల్ బరువవుతుందని ఇచ్చిన తేలికపాటి తుపాకీ. ట్రిగ్గర్ నొక్కితే ఒకటి పేలుతుంది. పేలినప్పుడు పుట్టిన గ్యాసే లోపలి బోల్టును వెనక్కి తంతుంది. ఖాళీ తూటా బయటికెగురుతుంది. కింద మ్యాగజీన్‌లోని స్ప్రింగు ఇంకో తూటాను పైకి తోస్తుంది, ముందుకొచ్చే బోల్టు దాన్ని లోపలికి నెట్టేస్తుంది. అంతా రెప్పపాటులో. మొదటిసారి విప్పి చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఎవడు కనిపెట్టాడ్రా దీన్ని అనుకుంటూ హాకర్ సెంటర్‌లో పళ్ళెం ముందు చేతులతో బోల్టు కదిలినట్టు కదుపుతూ కూర్చున్నాను. అంకుల్ ఎదురుగా కూర్చుని, "మకాన్ ముగించు తంబీ, అన్నం చల్లారుతుంది, గన్ ఎక్కడికీ పోదు" అన్నారు. అన్నారే గాని, ఆయన కళ్ళూ నాలాగే వెలుగుతున్నాయి.

మాకొచ్చినవి యుద్ధం నాటివి కావు. ఈమధ్య చేసిన నకళ్ళు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా వాటికి తిట్లే. కొత్తగా చేసినవి జామ్ అవుతాయి, పోత పోసిన ఇనుము, స్ప్రింగులు నీరసం, పాతది పాతదే అని. నేను అవన్నీ చదివి అంకుల్‌కి చూపించాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని చదివి, ఫోన్ వెనక్కిచ్చారు.

"ఆ పాతవీ ఒకప్పుడు కొత్తవే కదా తంబీ. యుద్ధంలో ఎవరు చేశారు తెలుసా? టైప్‌రైటర్లు చేసేవాళ్ళు. కాసు వేస్తే పాట పాడే పెట్టెలు చేసేవాళ్ళు. అంతకుముందు ఒక్క తుపాకీ చేసి ఎరగరు. నీ మాదిరి ఆళ్ళే."

నాకు ఆ రోజు రెక్కలొచ్చినట్టయింది. ఇంకో మాట కూడా అన్నారు. పాతవాటిలో చెడ్డవి ఎప్పుడో తుక్కులో కరిగిపోయాయి, బతికున్న మంచివాటిని చూసి జనం పాతవన్నీ మంచివంటారు అని. ఒరిజినల్ ఒరిజినల్ అని భజన చేసేవాళ్ళు ఈ ఒక్క ముక్క గోడకి రాసి పెట్టుకుంటే బాగుంటుంది.

అలాగని కొత్తవాటిలో లోపం లేదని నేను అబద్ధం చెప్పను. కొత్త గన్ బిగుతుగా ఉంటుంది. ఒరుసుకునే చోట గరుకు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది మ్యాగజీన్, అంటే తూటాలుండే ఆ రేకు డబ్బా. దాని పెదవులు, అంటే తూటాను పట్టుకునే పై అంచులు, కాస్త వంగినా, స్ప్రింగు కాస్త బద్ధకించినా తూటా పైకి రాదు. ఇది యుద్ధం నాటి వాటికీ ఉన్న జబ్బే. ఆ గరుకులన్నీ నేను తీశాను. అంకుల్ పక్కన కూర్చుని చూస్తుంటే, ఒక్కో ముక్కా అద్దంలా అయ్యేదాకా రుద్దాను. మ్యాగజీన్ల పని ఆయనది. ఏ మ్యాగజీన్ ఏ గన్‌లో సుఖంగా ఉంటుందో మార్చి మార్చి చూసి జత కట్టేవారు. జాతకాలు చూడటం అనేవారు దాన్ని. జత కుదిరితే రెండిటికీ ఒకే రంగు చుక్క పెట్టేవారు. నేను తొందరలో ఒకదాని మ్యాగజీన్ ఇంకోదాంట్లో పెట్టబోతే చెయ్యి మీద చిన్న దెబ్బ వేసి, "అది ఇంకొకడి పెండ్లాం" అనేవారు. కోపీ ప్లాస్టిక్ సంచిలో కట్టించుకొచ్చి, బల్లకి బిగించిన వైస్ పిడికి తగిలించుకుని, పని మధ్యలో స్ట్రాతో ఒక్కో గుక్క పీల్చేవారు. ఆ బల్ల దగ్గర నేను నా జన్మలో అంత సంతోషంగా పనిచేసింది లేదు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆయన ఏటా చేసేదే. లిటిల్ ఇండియా నుంచి నేను పూలూ నిమ్మకాయలూ తెచ్చాను. తుపాకుల గదిలో నిప్పు పనికిరాదని కర్పూరం బయట గుమ్మం దగ్గరే వెలిగించమన్నారు. అంత జాగ్రత్త మనిషి. మామూలుగా గన్ మడమ మీద గంధంతో ఒక బొట్టు పెట్టి ఊరుకునేవారు. ఈసారి మ్యాగజీన్లన్నీ మూతులు పైకి పెట్టి న్యూస్ పేపర్ మీద వరసగా నిలబెట్టారు. "మనల్ని ఏడిపించేది ఈళ్ళే. ఈళ్ళకే ముందు" అంటూ ఒక్కోదానికీ పొడి కుంకుమ చిటికెడు తీసి అద్దారు. పైన ఫ్యాన్ తిరుగుతోంది. పూజయ్యాక బొట్లు శుభ్రంగా తుడిచేశాం. ఇక్కడి తేమకి తుప్పు పట్టకుండా లోపల కాస్త నూనె ఎప్పుడూ ఉండేది.

తర్వాతి వారం టెస్ట్ పెట్టారు. తూటాల్లో గుండు ఉండదు, శబ్దమూ మంటా మాత్రమే. అయినా గన్ మాత్రం నిజంగా ఆడాలి. పోలీసు అధికారి కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. ప్రొడక్షన్ మేనేజర్ వచ్చాడు. హైదరాబాదాయన, దక్కనీ ఉర్దూ కలిపి తెలుగు మాట్లాడతాడు. మనిషి చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. మొదటి గన్ రెండుసార్లు పేలి ఆగిపోయింది. రెండోది ఒక్కసారే. మూడోది అసలు తూటాను పైకే తేలేదు.

"నేను చెప్పలే? డూప్లికేట్ మాల్ ఇట్లనే ఉంటది" అన్నాడు మేనేజర్. ఇవి వాపస్ పంపి యుద్ధం నాటివి తెప్పిద్దామన్నాడు. అంకుల్ తప్పేం లేదని కూడా అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "వీటికి పాలిష్ పట్టింది ఈ పిల్లగాడే కదా? సర్టిఫికెట్ కూడా లేదంట. ఇంక వద్దు" అన్నాడు.

వద్దు అంటే నా పని పోయినట్టే. పని పోతే పర్మిట్ పోతుంది, గాజువాక టికెట్టే. నేను ఏదో అనబోయాను. అంకుల్ చెయ్యెత్తి ఆపారు. బల్ల దగ్గరికెళ్ళి ఒక మ్యాగజీన్ ఖాళీ చేసి, తూటాలు ఎక్కే పలకను బొటనవేలితో లోపలికి నొక్కారు. వేలు తీసేశారు. పలక పైకి రాలేదు. అక్కడే అతుక్కుపోయింది. ఆయన తన వేలు వైపు చూసుకున్నారు. ఎర్రగా ఉంది. తుప్పేమో అనుకున్నాను నేను. ఆయన వాసన చూశారు.

ఇక్కడ కాస్త ఆగి చెప్తాను. ఆ వేలు చూసింది నేనూ ఆయనా మాత్రమే. జేబురుమాలుతో తుడిచేస్తే అయిపోయేది. నేరం నకళ్ళ మీదికి పోయేది, అందరూ అప్పటికే ఒప్పేసుకున్నారు. ఆయనకి వయసులో చేత్తో పట్టిన అసలైన కార్బైన్లు వచ్చేవి. తాళంచెవి నడుముకే ఉండేది. అంకుల్ ఆ వేలు తుడవలేదు. అలాగే పైకెత్తి పట్టుకుని హాలు దాటి మేనేజర్ దగ్గరికి నడిచారు. దూరం నుంచి చూసినవాడికి, అంతా భేష్ అని చెప్పడానికి వెళ్తున్నట్టు ఉంటుంది.

"గన్ మంచిది సార్. పిల్లాడి పనీ మంచిది. ఇది నా కుంకుమ. లోపల పడి, నూనెలో కలిసి జిగురయింది" అన్నారు.

మేనేజర్‌కి కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక గొంతు తగ్గించాడు. "క్యా అంకుల్, పోలీసాయన ముందర ఇది చెప్తే చాబీ మీకాడ ఉంచలేను. తెలుసా?"

అంకుల్ నడుము నుంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టారు. "ఇంకోసారి టెస్ట్ పెట్టు సార్. అది ఒక్కటే కేక్కిన్నా" అన్నారు. అడిగింది అదొక్కటే.

బస్ స్టాప్‌లో నేను ఆయన మీద అరిచాను. అవును, పెద్దాయన మీదే. "మిమ్మల్నెవరు అడిగారంకుల్? నానెక్కడైనా బతికీగలను. ఈ వయసులో మీకేటి పట్టింది?" అన్నాను. ఆయన బస్ కార్డు వెతుక్కుంటూ, నన్ను చూడకుండా చెప్పారు.

"నీ పని ఫెయిల్ అని ఆ కాగితంలో రాసేస్తారు తంబీ. నువ్వు ఈరోజు కోపపడతావు, సరి. కొన్నాళ్ళు పోతే నువ్వే దాన్ని నమ్మేస్తావు. అది నేను చూడలేను."

కోపం మాత్రం పోలేదు. ఇప్పటికీ పోలేదు.

మ్యాగజీన్లన్నీ విప్పి కడిగాం. ఎండబెట్టాం. లోపల నూనె చుక్క లేకుండా తుడిచాం. మళ్ళీ టెస్ట్ రోజు మొదటి గన్ నా చేతికే ఇచ్చారు. నొక్కాను. పేలింది. మళ్ళీ నొక్కాను. ఠప్, ఠప్, ఠప్. ఖాళీ తూటాలు కుడివైపు గంతులేస్తున్నాయి. మ్యాగజీన్ ఖాళీ అయింది. ఇంకోటి పెట్టాను, అదీ ఖాళీ. రెండో గన్, మూడోది, నాలుగోది. గన్‌లు కాలిపోతున్నాయి, నా భుజం మండుతోంది, ఒక్కటంటే ఒక్కటి ఆగలేదు! పోలీసు అధికారి రాయడం మానేసి చూస్తున్నాడు. ఆఖరి గన్ ఆఖరి తూటా దాకా ఆడాక, మేనేజర్ చెవులమీది మఫ్ తీసి, "యా అల్లా, కుట్టుమిషన్ లెక్క ఉంది" అన్నాడు. నేను గట్టిగా నవ్వేశాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి, పొగ వల్ల అని చెప్పాను. మేనేజర్ నా దగ్గరికొచ్చి, షూటింగుకి నువ్వే గన్‌లు చూసుకోవాలి అన్నాడు. ఇదీ ఈ నకళ్ళ కథ. మళ్ళీ ఎవరైనా నా ముందు డూప్లికేట్ మాల్ అంటే ఏం జరుగుతుందో నేను చెప్పలేను.

తాళంచెవి అంకుల్‌కి తిరిగి రాలేదు. గది చూసుకోవడానికి కొత్త ఆర్మరర్ వచ్చాడు. అంకుల్ షూటింగు రోజు చుట్టంచూపుగా వచ్చారు. ఆయన్ని తాడు అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకి మఫ్ ఇచ్చారు. పొదల్లోంచి నటులు పరిగెత్తుకొస్తూ కాల్చే సీను. యూనిట్ అంతా నటులనే చూస్తోంది. నేను గన్‌లను చూస్తూ, మధ్యలో ఒకసారి తలతిప్పి ఆయన్ని చూశాను. ఆయన మఫ్ మెడలోకి జార్చేసి, కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వాల్చి వింటున్నారు. బోల్టు వెనక్కి తన్నిన ప్రతిసారీ ఆయన పెదవులు చప్పుడు లేకుండా, ఠప్ అన్నట్టు, కలిసి విడిపోతున్నాయి. కట్ అన్నారు. నటులు గన్‌లు దించేశారు. పొగ నెమ్మదిగా తాడు దాటి ఆయన కుర్చీ వైపు వెళ్ళింది. అన్నీ ఆగిపోయాక కూడా, ఆ పొగలో, ఆయన పెదవులు ఇంకొక్కసారి కదిలాయి.