ఇటిక్యాల దారిలో నేనెక్కిన బండి

వెట్టి మీద మూడేళ్లుగా మా వారపత్రికలో పడిన వ్యాసాలన్నీ నా చేతి మీదుగానే అచ్చయ్యాయి. హైదరాబాదులో ఆ పత్రిక ప్రెస్సులో నేను కంపోజిటర్ని. సీసపు అక్షరాలు ఏరి వరుసగా పేర్చడం నా పని. బడికి పోయింది రెండేళ్లే, మిగతా చదువంతా ఆ వ్యాసాలు పేరుస్తూ నేర్చుకున్నదే. అందుకే వాటి మీద గౌరవం ఎంతుందో కోపమూ అంతే ఉండేది. "పాపం రైతు" అని మొదలుపెట్టి "ఇకనైనా కళ్లు తెరవాలి" అని ముగించేవాళ్లు. నడుమ ఒక్క మనిషీ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఆ మాట సంపాదకుడి ముఖం మీదే అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే నువ్వే పోయి చూసి రా. విలేకరి పని నేర్చుకున్నట్టూ ఉంటుంది" అన్నాడు. మూడు రోజుల సెలవు ఇచ్చాడు, కూలి మాత్రం ఇవ్వనన్నాడు. ఇప్పుడు నాలాగే వార్తలు రాయడం నేర్చుకోవాలని ఉబలాటపడే కుర్రాళ్లు పల్లెలకు ఎట్లా పోవాలని అడుగుతున్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఇటిక్యాలకు ఇవతల, రైలు పట్టాలకు దూరంగా ఉన్న ఒక ఊరి బడిపంతులు మా చందాదారుడు. ఊరి పేరు రాయను, ఎందుకో ముందుకు పోతే మీకే తెలుస్తుంది. గురువారం పొద్దున గద్వాల స్టేషన్ దగ్గర ఉంటానని, ఊరు చూడాలని ఆయనకు ఉత్తరం రాశాను. ఆ కాగితం తలమీద పత్రిక పేరు, కింద నా పేరు, చుట్టూ రెండు గీతల అంచు. నేనే పేర్చి నేనే అచ్చు వేసుకున్నాను. నా పేరుకు పత్రిక పేరుకన్నా పెద్ద టైపు వాడాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, జరిగిందంతా అక్కణ్నుంచే వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు.

కాచిగూడలో పొద్దున బండెక్కితే మహబూబ్‌నగర్, వనపర్తి రోడ్డు స్టేషన్లు దాటి, కృష్ణ వంతెన మీదుగా సాయంత్రానికి గద్వాల చేరుతారు. మూడో తరగతి టికెట్ రెండు రూపాయల లోపే. యుద్ధం రోజులు కాబట్టి కూర్చోవడానికి చోటు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. నేను వనపర్తి రోడ్డు దాకా నిలబడే పోయాను. పెట్టెలో అందరి నోటా ఒకటే మాట: ముందురోజు రాత్రి తొలివాన బాగా పడింది, విత్తడానికి పదును దొరికింది. కృష్ణలో నీళ్లింకా రాలేదు, బండలు బయటపడి ఉన్నాయి. నేను వెట్టి గురించి ఏమేం అడగాలో నోటుబుక్కులో రాసుకుంటూ ఉన్నాను. వాన మాట రాసుకోలేదు. ఆ రాత్రి స్టేషన్ ముసాఫిర్‌ఖానాలోనే పడుకున్నాను. పైసా ఖర్చు లేదు, నల్లులు మాత్రం ఉన్నాయి.

తెల్లారి బయటికి వచ్చేసరికి ఒక ఎడ్లబండి నిలబడి ఉంది. మెత్తగా గడ్డి పరిచి, దాని మీద కొత్త గొంగడి వేసి ఉంది. బండి మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. తిమ్మప్ప అందాం, అసలు పేరు వేరు. నా చేతిలో నోటుబుక్కూ, సంపాదకుణ్ని అడిగి తెచ్చుకున్న జేబు గడియారమూ చూసి పరుగున వచ్చి సంచీ అందుకున్నాడు.

"బండి కిరాయి ఎంత?" అన్నాను.

"కిరాయా?" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. "మీరు గట్ల అడిగితే నేను పరేషాన్ అయిత దొరా. ఎక్కున్రి."

"దొర గిర అనకు. నేను నీ అసుంటోన్నే."

"అట్లనే దొరా."

పల్లెటూళ్లలో పత్రికంటే ఇంత అభిమానం ఉందా అనుకుని ఛాతీ పొంగింది. ఎక్కి కాళ్లు చాపాను.

పన్నెండు మైళ్ల దారి, అయిదు గంటలు పడుతుంది. ఊరు దాటితే రెండు పక్కలా ఎర్రచెలకలు. ఎటు చూసినా ఎడ్లు కట్టిన విత్తనపు గొర్లు నడుస్తున్నాయి, ఆడవాళ్లు నడుముకు విత్తనాల ఒడి కట్టుకుని వెనక పోతున్నారు. తిమ్మప్ప బండి తొట్టిలో లేచి నిలబడి ఆ చేన్ల వైపు చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు.

"టైమెంతయింది దొరా?"

"ఎనిమిది. నీకు చేనుందా?"

"ఉంది. నాలుగెకరాలు సొంతం, రెండు కౌలు. జొన్న పెట్టాలె."

"మరి ఎప్పుడు విత్తుతవు?"

"మీరెప్పుడు ఇడిస్తే అప్పుడు."

నాకు నవ్వొచ్చింది. పల్లె మనుషుల చతురత అని శీర్షిక పెట్టి ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ తర్వాత గంటసేపు నేనే మాట్లాడాను. వెట్టి అంటే బానిసతనమని, పిలిస్తే పోవద్దని, రానని మొహం మీదనే చెప్పాలని. ఆయన ఎద్దు తోక మెలిపెడుతూ "అట్లనే దొరా" అన్నాడు.

"నేనయితే సచ్చినా పోను" అన్నాను.

"మీరెందుకు పోతరు దొరా" అన్నాడు.

పదకొండు దాటాక ఊరు వచ్చింది. చావడి ముందు నీళ్లు చల్లి ఉంది. పోలీసు పటేల్ ఎదురొచ్చి వంగి సలాం చేశాడు. పంతులు సెలవు మీద తన ఊరికి పోయాడట, నా ఉత్తరం పటేల్ చేతికే అందిందట. వెట్టి సంగతి పటేల్‌ని అడిగితే, "మా ఊళ్లె గసుంటిది లేదు హుజూర్" అన్నాడు. ఆకు వేశారు. జొన్నరొట్టె చాలంటే పటేల్ హాస్యం కింద తీసుకున్నాడు. వరి అన్నం, కోడికూర, గడ్డపెరుగు. బాగా తిన్నాను, అబద్ధం చెప్పను.

తింటుండగానే గోడ అవతల ఆడమనిషి గొంతు వినపడింది.

"ఏందయ్యా, ఇంకా ఈడనే కూసున్నవా? ఊరంత గొర్లు కట్టిన్రు. మన చెలక ఒక్కటే వట్టిగ పడున్నది. నిన్న పగటాల పోయినోనివి."

"జర మెల్లగనే. దొర తింటుండు." ఇది తిమ్మప్ప.

"తింటుండా? రుచిగుందంటనా? ఎందుకుండది! రెండేండ్లు గుడ్లు పెట్టిన కోడి."

ముద్ద ఆకులో పెట్టేశాను. లేచి బయటికి పోయాను. ఎడ్లు ఇంకా కాడి కిందే ఉన్నాయి. తిమ్మప్ప భార్య, ఈరమ్మ అందాం, నెత్తిన విత్తనాల గంపతో నిలబడి ఉంది.

"కోడి మీదా?" అన్నాను.

"మాది గాక? అధికారి వస్తే ఇంటికొక వంతు. వంతు ఎవలదో బండి వాండ్లదే, కోడి వాండ్లదే. ఈ పారి మాకొచ్చింది, సరిగ్గ వానతోని కలిసొచ్చింది."

"నేను అధికారిని కాదమ్మా. పేపరోన్ని. వెట్టి ఎట్ల నడుస్తదో చూసి రాద్దామని వచ్చిన."

ఆమె నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "నడుస్తున్నది గద," అంది. "చూడు."

నేను చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎంగిలి చేత్తోనే పటేల్ దగ్గరికి పోయి, నాకు బండి అక్కర్లేదు, తిరిగి నడిచే పోతా, ఇతన్ని చేనికి పంపించు అన్నాను.

"హుజూర్ నడుసుడా?" పటేల్ చెవులు పట్టుకున్నాడు. "రేపు ఎవరన్న అడిగితే నా పటేల్‌గిరి ఉంటదా? ఈ ఎడ్లు అలసినయంటే చెప్పున్రి, పక్కింటి వంతు ఎడ్లను కట్టిస్త." అని అప్పుడే ఎవరినో కేకేశాడు. ఆ ఇంటి ఎడ్లు చేన్లో గొర్రు లాగుతున్నాయని అవతలి నుంచి జవాబు వచ్చింది. "ఇడిపించుకొని రా!" అన్నాడు.

అధికారిగా నేను ఏ మాటన్నా ఇంకొకరి గొర్రు ఆగుతుంది. అందుకని నిజం చెప్పాను. "నేను ఏ అధికారినీ కాదు. ప్రెస్సుల అక్షరాలు పేర్చే కూలోన్ని. ఆ కాగితం నేనే అచ్చేసుకున్న."

పటేల్ నోటి నుంచి హుజూర్ అన్న మాట పోయింది. "ఇంత పెద్ద అక్షరాలల్ల పేరేసుకొని, కూలోనివా? నా చావడిల కూసొని కోడి తిన్నవా?" తిమ్మప్ప వైపు తిరిగాడు. "ఒరే తిమ్మిగా, తోలుకపో నీ ఎడ్లను. ఈ వంతు లెక్కకు రాదు. అసలు అధికారి వచ్చిననాడు మళ్ల నీ ఇల్లే."

"రెండు రోజులు చేసిండు గదా!" అని అరిచాను.

"ఎవలకు చేసిండు? సర్కారుకు చేసిండా? నీకు చేసిండు."



తిమ్మప్ప నా వైపు చూడకుండా ఎడ్లను తోలుకుని పోయాడు. వెనకే పరిగెత్తాను. పై చెలకలో బొటనవేలితో మట్టిని పొడిచి చూశాడు. పొడి లేచింది. కిందికి దిగి పల్లంలో చూశాడు. అక్కడ ఇంకా తడి ఉంది. అక్కడ గొర్రు కట్టాడు. ఈరమ్మ గొర్రు మీది గిన్నెలాంటి జడ్డిగంలో గింజలు పోస్తూ నడిచింది. ఇరవై నాలుగు మైళ్లు నడిచిన ఎడ్లు ప్రతి సాలుకూ ఒకసారి ఆగాయి. నేను రాళ్లు ఏరి గట్టున వేశాను. ఆ పని ఎవరూ నాకు చెప్పలేదు, వద్దనీ అనలేదు. నాలుగింటికి పల్లం అయిపోయింది. పైనున్న సగం చేను ఇక మళ్లీ వాన పడితేనే.

బండి కిరాయి తియ్యబోతే ఈరమ్మ, "దాంతోని వాన తెస్తవా?" అంది. జేబులో పెట్టేసుకున్నాను.

"నీ పేరు రాయనా?" అని తిమ్మప్పను అడిగాను.

"రాసి నువ్వు హైదరాబాదుకు పోతవ్. నేను ఈడనే ఉంట." దొర అనడం మానేశాడు. అది ఒక్కటే నాకు కొంచెం నయమనిపించింది.

"మరేం రాయాలె?"

ఎడ్లకు నీళ్లు పెట్టి వచ్చాక చెప్పాడు. "రాసేదుంటే ఒక్కటి రాయి. వాన పడ్డ వారం మా ఊర్లకు ఎవ్వరినీ రావద్దని రాయి. మంచికొచ్చినా సరే."

ఎండ తగ్గాక నడవడం మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా గద్వాల చేరాను. తెల్లారి రైల్లో మొత్తం రాశాను. కోడి, గొంగడి, లెక్కకు రాని వంతు, అన్నీ. సంపాదకుడు చదివి, నేనున్న చోట్లన్నీ ఎర్రసిరాతో కొట్టేశాడు. విలేకరి వార్తలో కనిపించకూడదట, అది మొదటి పాఠమట. గంటసేపు కొట్లాడాను. చివరికి పటేల్ ఉన్నాడు, వెట్టి ఉంది, ఎవరో ఒక అధికారి ఉన్నాడు. నేను మాయమయ్యాను. ఆ వార్తను నా చేతులతోనే పేర్చాను. అందరూ బాగుందన్నారు.

సంపాదకుడు చెప్పిన పాఠం తప్పని అనను. ఆయన నాకన్నా చదువుకున్నవాడు. కానీ నేను నేర్చుకున్న పాఠం వేరు. అడగడం నాకు వచ్చు, అడిగి రాసుకోవడమూ వచ్చు. తిమ్మప్ప దారిలోనే జవాబు చెప్పాడు. దాన్ని చతురత అని రాసుకున్నవాణ్ని నేను. నా కోపం నిజమైనదే, అబద్ధమేమీ కాదు. కానీ ఆ కోపంతోనే గొంగడి మీద కాళ్లు చాపుకుని అయిదు గంటలు ప్రయాణం చేశాను. వ్యాసాలు రాసే పెద్దమనుషులను తిట్టిన నోటితోనే ఆ కోడిని తిన్నాను. ఎదగడమంటే గొంతు పెరగడమనుకున్నాను, ఆ దారిలో గంటసేపు నోరు మూసుకుని ఆయన మాట వినుంటే మిగతా సగం చేను కూడా విత్తేవాడేమో. ఇది పశ్చాత్తాపం కింద రాయడం లేదు. పశ్చాత్తాపంతో తిమ్మప్పకు పనేమీ లేదు.

పోవాలనుకునేవాళ్లకు చెప్పేది ఒక్కటే. గద్వాల, వనపర్తి దిక్కు పల్లెలకు ఎండాకాలంలో పోండి, ఎడ్లు కొట్టంలో ఖాళీగా ఉన్నప్పుడు. టికెట్ కొన్నాక తొలివాన పడితే, టికెట్ వదులుకోండి.